నాగప్ప గుంత

రావుకాలం పోయేదాకా మగ్గం గుంత జోలికి పోవద్దు, నేను కొత్త పడుగు తెస్తా, నువ్వు ఈడనే కూచో అని చెప్పి మద్దిలేటి ఎల్లిపాయ. సోమవారం పొద్దున రావుకాలమని వీడు నాకు చెప్పాల. నాడె ఏదో కండె ఏదో తెలిసిన మొగమేనా అది? సావుకారి ఇంట్లో నూలు మోపులు ఎత్తి దించడం తప్ప ఒక్క మూర గుడ్డ నేసినోడు కాదు, నిన్న నా మూట అందుకున్నప్పుడే చూసినా ఆ అరచెయ్యి, వెన్నపూస మాదిరి ఉండాది. అయినా తలకాయ ఊపినా. ఊపక ఏం జేతును. ఎర్రగుంట్లలో బండెక్కేదానికి నేను బయల్దేరిన రోజు తిమ్మమ్మ చిన్నదాన్ని చంకనేసుకొని వాకిట్లో నిలబడి, పెండ్లాం మొగునితో మాట్లాడినట్లు గాకుండా గోడతో మాట్లాడినట్లు చెప్పినాది. "ఈ తూరి నోరు మూసుకో. ఆడ మగ్గం కుదిరితే బిడ్డల్నెత్తుకొని నేనూ వస్తా. అదీ చెడగొట్టుకొని వస్తివా, మా అమ్మోళ్ళింటికి పోతా, మళ్ళా నీ గడప తొక్కను." తిమ్మమ్మ చెప్పిందంటే చేసే మనిషి. అందుకే రామలింగప్పా, మూసుకో, మద్దిలేటి గాడిదను చూపించి గుర్రమన్నా గుర్రమే అను, ఈ ఒక్క పూట గడవనీ.

ఏం ఊరప్పా ఇది. ఆదోనిలో దిగినప్పటినుంచీ చూస్తాండా, కండ్లకు ఆనేది ఒక్కటీ లేదు. బండి నిండా మిలిట్రీవాళ్ళు, కాలు మోపేదానికి సందు లేక గుంతకల్లు దాకా ఒంటికాలి మీద వచ్చినా, ఆడ బండి మారి ఆదోనిలో దిగి ఎద్దులబండి మీద నల్లరేగడి దుమ్ము తాగుకుంటా వచ్చినా. పొద్దున్నే వీధిలో పడుగు చాపి గంజి పెడ్తాండారు ఈ ఊరోళ్ళు. అది గంజా? జొన్నపిండి ఉడకబెట్టి గోడకు పూసినట్లు పూస్తాండారు. కుంచె పట్టుకున్నోడు బీడీ తాగుకుంటా పక్కోనితో బావ సంగతీ బామ్మర్ది సంగతీ చెప్పుకుంటా పోతాండాడు, ఒక్క కొస కాడ పోగులు అంటుకొని జడలు కట్టినాయి, వాడు చూడల్యా. మా పెన్న ఒడ్డున అయితే మా నాయన ఆ కుంచెతోనే ఈపు పగలగొట్టేటోడు. నేను నిలబడి చూస్తాంటే ఒగాయన "ఏమప్పా, యాడనుంచి" అన్యాడు. జమ్మలమడుగు పక్క అన్నా. ఓహో కడపోళ్ళా అని నవ్వినాడు. ఏమిటికి నవ్వినట్లు? గంజి పెట్టడం రానోడు నవ్వేదొకటా. నాలిక కొసదాకా వచ్చినాది మాట. మింగినా. మింగితే కడుపులో మండుతాండాది ఇప్పటికీ, వీళ్ళు రాత్రి పెట్టిన రొట్టెతో పాటు. రొట్టె అంటారు గానీ చెప్పుకు వేసే అట్ట అది.

ఇంట్లో ఉండేది ఒక్క ఆడమనిషి. హనుమమ్మ అంట. ఈ మగ్గం ఆమె మొగుడు నాగప్పది. గడప పక్కన రాట్నం పెట్టుకొని కండెలు చుడతాండాది, నేనొకన్ని ఈడ అరుగు మీద కూచున్నానని ఆమెకు పట్టినట్లే లేదు. దాహమేస్తాది అంటే చెంబు తెచ్చి నా చేతికియ్యకుండా నేల మీద పెట్టి పాయ. పొట్టి మనిషి, ఎండిన కొయ్య మాదిరి ఉండాది, మొగంలో ఒక్క సుక్క చెమ్మ లేదు. నన్ను చూసే చూపు ఎట్లుండాదంటే సంతలో ముసలెద్దును చూసి బేరం గూడా అడక్కుండా పోతారే, అట్ల. ఏందమ్మా నీ పొగరు? నీ మొగుడు ఇల్లిడిచి పాయె, నీ ఇంటి మగ్గం ఆడేదానికి నేను మూడు బండ్లు మారి వస్తే, నాకు చూపా? నేను చూస్తే జమ్మలమడుగు పోరంబోకులు గూడా తలకాయ దించుతారు. ఆమె దించల్యా. రాట్నం తిప్పుకుంటా ఉండాది, అదీ ఒగ తీరుగా గాదు, ఉండుండి ఆపి వీధి పక్క చూస్తాది, మళ్ళా తిప్పుతాది.

నాగప్ప కథ నిన్న రాత్రి మద్దిలేటి చెప్పినాడు. షోలాపూరు మిల్లుల్లో దుడ్లు బాగా ఇస్తాండారంట, పోయినాడంట. తాటిచెట్టంత మనిషంట, ఈ ఇంటి దూలానికి తల తగలని రోజు లేదంట. పోయేముందు మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించి రోంత నేసి పెట్టి పోయినాడంట. అది మా నేసేటోళ్ళందరిలో ఉండే ఆనవాయితీ. ఊరిడిచి పోయేటోడు మగ్గం బోసిగా ఇడిచి పోగూడదు, పడుగు ఏసి ఇడిస్తే తిరిగొచ్చి నేస్తా అని చెప్పినట్లు, ఎవురూ దాన్ని కొయ్యరు. నేను ఆ ఆనవాయితీ గూడా పాటించేదానికి లేకపాయ, నా మగ్గం మీద నాలుగు పోగులు గూడా లేవు, వచ్చేరోజు దాని మీద తిమ్మమ్మ బొంతలారేసి ఉండాది. నాగప్ప పాయ, జాబు లేదు జవాబు లేదు, ఆడెవతెనో పెట్టుకున్నాడని వీధంతా చెప్పుకుంటాంది. చెప్పుకుంటారు మరి, వీళ్ళకు వేరే పనేముండాది, గంజి పెట్టడం రాదు గదా.

ఈ యుద్ధం వచ్చి నూలు కంట్రోలు పెట్టినాక ఆడే మగ్గానికే నూలు, ఆగిన మగ్గానికి పోగు రాదు. నాగప్ప పోయినాక ఈ మగ్గం ఆగిపోవాల. ఆగల్యా. హనుమమ్మకు తమ్ముడు ఉండాడంట, గోపన్న, ఆలూరు పక్క, వాడొచ్చి నేస్తాండాడని సావుకారికి చెప్పినాదంట. వానికి మొగం మీద బొల్లి ఉండాదంట, నలుగుర్లో తిరగడు అంట, సంతకు జనం పోయినప్పుడొచ్చి తలుపేసుకొని నేసి పోతాడంట. చూసినోడు లేడు. ఈ మద్దిలేటి నమ్మినాడు, వాని సావుకారీ నమ్మినాడు, ఏం తలకాయలప్పా. సరే, నమ్మితే నమ్మినారు, గుడ్డ బాగుంటే నాకేంది. గుడ్డ వదులు, అంచు వంకర, నెల తిరిగినా ఒగ చీర దిగల్యా. సావుకారి ఇసిగి, ఆ పడుగు కోసి పారేసి కొత్త పడుగు ఏసి పనొచ్చినోన్ని కూచోబెట్టు అన్యాడంట. అందుకు పిలిపించినారు నన్ను. ఇల్లు గూడా సావుకారిదే. తిమ్మమ్మను పిలిపించుకుంటే ఈ ఇంట్లోనే ఉండచ్చునంట. మరి హనుమమ్మ అంటే, ఆమె సంగతి ఆమె చూసుకుంటాది అన్యాడు మద్దిలేటి, రొట్టెముక్క నోట్లో పెట్టుకొని.

నా చెయ్యెట్లాంటిదో వీళ్ళకేం తెలుసు. నేను నేసిన చీరలో నీళ్ళు పోసి ఎత్తితే నీళ్ళు నిలబడతాయి అనేటోళ్ళు మా ఊర్లో. అట్లాంటోన్ని నూలు లేకుండా చేసినారు, ఎందుకంటే మా ఊరి సావుకారి పురి లేని నూలు తెచ్చి మంచి నూలని ఇస్తాంటే, ఇది నీ పెండ్లాం జడకు కట్టుకోమను, మగ్గానికి పనికిరాదు అన్నా. పదిమందిలో అన్నా. ఉన్నమాటే గదా. ఆ పొద్దునుంచీ నా గడపకు నూలు రాల్యా. నంద్యాలలో ఒగ మేస్త్రీ కింద కూచుంటే వాడేసిన అంచు చూసి నవ్వొచ్చినాది, నవ్వినా, అంతే, మాట గూడా అనల్యా, నవ్విన దానికే సాయంత్రం మూట కట్టించినాడు. రెండు తావులూ నోటి వల్లనే పోయినాయని తిమ్మమ్మ అంటాది. నోటి వల్ల గాదు, నాకు కండ్లుండడం వల్ల. కనపడినాక కనపడల్యా అని ఎట్లనేది? తిమ్మమ్మ అనేస్తాది, దానికి సులువు. మా అమ్మ చచ్చినప్పుడు గూడా వండిన కూర బాగలేదని నేనన్నానంట, ఇప్పటికీ ఎత్తి పొడుస్తాది. బాగలేదు, ఉప్పు లేదు, ఎవురు చచ్చినా ఉప్పు ఉప్పే.

హనుమమ్మ బిందె తీసుకొని బాయికి పాయ. పోతా పోతా నా పక్క చూసి, రావుకాలం పోలేదు అన్నట్లు మగ్గం పక్క చూసి పాయ. రావుకాలంలో కోసేది, కట్టేది తప్పు గానీ చూసేది తప్పా? లేచి పోయి చూసినా. లోపల చీకటి, గవాక్షం లోంచి పడే ఎండ తప్ప. దోనెకు చుట్టిన గుడ్డ మొదలుదాకా ఇప్పి అరచేత్తో తడిమినా. మొదట చుట్టింది నాగప్ప నేసింది. ఊ. ఫరవాలేదు. అనేదానికి నోరు రాదు గానీ ఫరవాలేదు, పేకను కొట్టిన దెబ్బ గట్టిగానే ఉండాది, అంచు కూడా కత్తితో కోసినట్లు పోయినాది. ఇంత పని వచ్చినోడు మిల్లుకు పోయి ఇనప యంత్రాల కాడ దూది దులుపుతాండాడా? పో, చావు. ఆ తర్వాత ఒగ కాడ చెయ్యి మారిపోయినాది. గుడ్డి నాకొడుక్కైనా వేలితో తెలుస్తాది. ఈడ మొదలైనాడు గోపన్న. పేక లూజు, కుడి అంచు లోపలికి గుంజుకొని పాయ, ఎడం అంచు వాగు మాదిరి వంకర్లు. ఇది నేయడమా? ఉట్టి కట్టుకునేదానికి గూడా పనికిరాదు. నాకు వాడు కండ్ల ముందర కనపడతాండాడు, తలకు నూనె రాసుకొని, తోలుబొమ్మలాట యాడుంటే ఆడికి పోయి, అక్క పెట్టింది తిని, నాలుగు పోగులేసి తొంగునే రకం. కూచునే పలక మీద గోనెసంచి మడత మీద మడత పెట్టి ఏసుకున్నాడు, దొరగారికి కింద గట్టిగా ఉంటే నొప్పి. మగ్గమా ఇది, అత్తగారి పరుపా? గోనెసంచిని కాలితో తన్ని అవతల పారేసినా. బొల్లి మొగం మీద గాదు, వాని చేతులకుండాది.

తన్నినాక ఇంక ఆగబుద్ధి గాల్యా. ఎన్నాళ్ళాయనో కాళ్ళు గుంతలో పెట్టి. మగ్గం మీద కూచున్నోని నడుముకు అది లేకపోతే ఒళ్ళంతా ఊడిపోయినట్లుంటాది, ఈ సంగతి తిమ్మమ్మకు తెలీదు, ఇంట్లో ఉత్తగా కూచుంటే చిరాకెందుకంటాది. చుట్టూ చూసినా, ఎవురూ లేరు. రావుకాలం గీవుకాలం, ఊరికే పొడుగు చూసుకునేదానికి ఏం తప్పని కూచొని కాళ్ళు దించినా. దించితే మోకాళ్ళు వచ్చి దోనెకు కొట్టుకున్నాయి. సచ్చినాడా వీడు, తొక్కుడుకట్టెలు ఇంత పైకి కట్టినాడే. నేనే పెద్ద పొడుగేం గాదు, నాకే మోకాళ్ళు మడవలేకుండా ఉండాది, తాటిచెట్టంత నాగప్ప ఈడ ఎట్ల కూచున్నాడు? వంగి చేత్తో తడిమినా. తాళ్ళు కిందికి నున్నగా అరిగిన తావు ఒగటుండాది, అది నాగప్ప ముడి. ఇప్పుడుండే ముడి దానికి జానెడు పైన, కొత్తది. అంటే గోపన్న పొట్టోడు. అందుకే గోనెసంచి గూడా, మెత్తనకు గాదు, ఎత్తుకు. సరే, పొట్టోడు, బొల్లోడు, పనిరానోడు, దేవుడు అన్నీ ఒగనికే పెట్టినాడు అనుకుంటా కాలివేళ్ళతో కట్టె కొస పట్టుకున్నా. వేలికి గరుకు తగిలినాది. కట్టె కొసన, బొటనవేలి పక్కవేలు ఆనే కాడనే, చెక్క గీసుకొని పోయి గాడి పడి ఉండాది. రెండో కట్టె తడిమినా. ఆడా అదే గాడి, అదే వేలి కాడ. మగోని వేలికి ఇనుమూ వెండీ ఉండదు. మెట్టెలు ఉండే వేలది.

తూ. తూ అని పైకే అన్నా. ఎవుర్ని అన్నానో తెలీదు. ఆలూరూ లేదు, బొల్లీ లేదు, తలనూనె రాసుకున్న గోపన్న లేడు, వాన్ని ఇంతసేపు నేను తిట్టిన తిట్లన్నీ గాలికి పోయినాయి. ఆడమనిషి మా కులంలో రాట్నం తిప్పచ్చు, కండె చుట్టచ్చు, అచ్చు అతకచ్చు, గంజి కాయచ్చు, గుంతలో మాత్రం కాలు పెట్టగూడదు. పెడితే మగ్గానికి మైల, ఆ గుడ్డ కట్టుకున్నోళ్ళకు మైల, ఇంకేమేమో. మా ఊర్లో ఒగామె పండగనాడు మగ్గం తుడుస్తా తుడుస్తా గుంతలోకి దిగినాదని కులపోళ్ళు ఏడాది పొడుగునా నిప్పూ నీళ్ళూ బంజేసినారు. ఈ ఊరోళ్ళు తక్కువేం గాదు, గంజి రాకపోయినా కట్టుబాట్లు మాత్రం ఒచ్చుంటాయి. ఈ నిజం ఒక్క నోట్లోంచి బయట పడితే ఈమెకు ఈ వీధిలో మంచినీళ్ళు పుట్టవు. ఆ నోరు ఎవురిదైనా కావచ్చు. నాదే కావచ్చు, నా నోటి సంగతి ఊరూరికీ తెలుసు.

నీళ్ళ బిందె దించిన చప్పుడైనాది. గడపలో నిలబడి ఉండాది. నేను గుంతలోంచి లేచేదానికి సిగ్గుపడి అట్లనే కూచున్నా, మోకాళ్ళు గడ్డానికి తగులుతాండాయి. నా కాళ్ళ పక్క చూసినాది, అవతల పడున్న గోనెసంచి పక్క చూసినాది. దేవుని మీద ఆన, ఆ మొగంలో బెదురు లేదు. మీ తమ్ముడు యాడుంటాడమ్మా అని అడిగినా, ఏం చెప్తాదో చూద్దామని, నాకుండే దరిద్రపు బుద్ధి అది.

"నాకు తమ్ముడు లేడు," అన్యాది. "పోయి చెప్పుకో. చెప్పి కూచో. నీకు పడుగు తెస్తాండారు గదా."

చెప్పి బిందె ఎత్తుకొని లోపలికి పాయ. నువ్వు చెప్పే రకమే అని తేల్చేసినట్లు పాయ. నన్ను నిన్నటినుంచీ ముసలెద్దును చూసినట్లు చూస్తాంది గదా, అదే చూపు. కోపం రావాల నాకు. వచ్చినాది గూడా, కానీ ఆమె మీద నిలబడల్యా. ఏం చేసుకుంటారో చేసుకోండి, నాకు మగ్గం కావాల, తిమ్మమ్మ కావాల, బిడ్డలు కావాల. రావుకాలం పోతాది, మద్దిలేటి పడుగు తెస్తాడు, కత్తితో ఒక్క లాగు లాగితే నాగప్పా లేడు, గోపన్నా లేడు. చెప్పను గూడా చెప్పను, ఆమె గుట్టు నాకెందుకు, కూచుంటా, నేస్తా, ఆమె యాడికి పోతే నాకేంది. అనుకుంటానే చెయ్యి ఆ గుడ్డ మీదికే పాయ. దరిద్రపు చెయ్యి. ఆ లూజు తావునుంచి పేకను కొట్టే అచ్చు పక్కకు వచ్చే కొద్దీ గుడ్డ మారుతాండాది. మొదట సందులో చీమ దూరేది, తర్వాత తర్వాత దెబ్బ పడతాండాది, ఎడం అంచు ఒగ జానెడు సక్కగా పోయినాది, మళ్ళా వంకరైనాది, మళ్ళా సక్కనైనాది. అచ్చు దగ్గరుండేది, నిన్నో మొన్నో నేసింది, ఇంక ఒక్క రవ్వ గట్టిగా కొడితే నేసినోడెవుడురా అని అడిగే గుడ్డ. నాకు మా నాయన తన్ని నేర్పినాడు, నాడె జారితే మెడ మీద ఒకటి, అంచు పోతే అన్నం లేదు. ఈమెకెవురు నేర్పిరి? తలుపేసుకొని, వీధి పక్క చెవి పెట్టుకొని, ఒగ పోగు ఏసి రోంతసేపు ఇని. అందుకే మొదట్లో దెబ్బ లేదు, పనిరాక గాదు, గట్టిగా కొడితే వీధిలో ఇనపడతాదని. ఇంత నేసి నాకే దొరికిపాయ గదా, నా కాళ్ళకే. నాకు ఏడుపు మాదిరి ఏందో వచ్చినాది గానీ అది ఏడుపు గాదు, కోపం, ఎవుని మీదనో. నాగప్ప మీదనే. మగ్గం మీద పడుగేసి పోతే తిరిగొచ్చినట్లేనా? అది ఆమెను మగ్గానికి మేకు కొట్టి పోయినట్లు.

తిమ్మమ్మ నా మగ్గం ముందర కూచోదు. దానికి మగ్గమంటే కచ్చ, నన్ను అదే చెడగొట్టిందంటాది. అయినా నేను పోయినోన్ని పోయినట్లే పోతే ఏం చేస్తాదో. పుట్టింటికి పోతాది, అంతే, దానికి పుట్టిల్లుండాది. ఈమెకేముండాది? ఈ గుంత.

లేచినా. కాళ్ళు తిమ్మిరెక్కినాయి. గోనెసంచి తెచ్చి ముందర ఉన్నట్లే మడిచి పలక మీద ఏసినా. నన్ను నేను తిట్టుకుంటానే ఏసినా, నీకెందుకురా, నీ పెండ్లాం బిడ్డల నోట్లో మన్ను కొట్టి ఎవురికో గోనెసంచి మడుస్తాండావు, సిగ్గులేదా అని. సిగ్గుండాది. భయం గూడా ఉండాది. అంతలోనే మద్దిలేటి వచ్చినాడు, భుజం మీద పడుగు, మొలలో కత్తి, మొగం మీద ఊరందరికీ అన్నం పెట్టేది తానే అన్నట్లు ఒగ నవ్వు. రావుకాలం పాయ, కానీ అన్యాడు. కత్తి నాకియ్యబోయినాడు.

కత్తి తీసుకోల్యా నేను. ఇంగ నా నోటికి పని చెప్పినా, అదొక్కటే గదా నాకుండేది. ఏమప్పా మద్దిలేటీ, దీన్ని మగ్గమంటారా మీ ఊర్లో? నాకు ఇది చూపించేదానికా జమ్మలమడుగు నుంచి పిలిపించినారు? దోనె వంకర, గుంతలో చెమ్మ, నేల ఒగ పక్కకు వాలినాది, ఈ మగ్గం మీద బ్రహ్మదేవుడు కూచున్నా అంచు సక్కగా రాదు. మీ సావుకారి గుడ్డ లూజు గుడ్డ లూజు అంటాడంట, ఇట్లాంటి మగ్గమిచ్చి లూజు అనేదానికి నోరెట్ల వచ్చినాది? అన్నీ అబద్ధాలు. దోనె సక్కగా ఉండాది, గుంత ఎండి గట్టిగా ఉండాది, అట్లాంటి మగ్గం దొరకదు, చెప్తాంటే నా నాలికే నన్ను ఈసడించుకుంటాండాది. వెన్నపూస అరచెయ్యోడు వంగి దోనెను చూసినాడు. అవును గదా, రోంత వంకరే అన్యాడు. వానికి కనపడినాది వంకర! నాకు నవ్వొచ్చినాది, నంద్యాల గుర్తొచ్చి ఆపుకున్నా. కోసేది గూడా వద్దు, ఇంగ ఎవురొచ్చినా ఇదే చెప్తారు, నేసేటోన్నే నేయనియ్యండి అన్నా. అంటే మద్దిలేటి, ఆ గోపన్న పని బాగుండాదా అన్యాడు. బాగుండాది అనే మాట నేను పుట్టినప్పటినుంచి ఒగరి నేతను చూసి అనల్యా. మా నాయన నేతను చూసి గూడా అనల్యా.

"ఈ మగ్గం మీద ఈ మాత్రం నేసినోని కాళ్ళు మొక్కాల," అన్నా. "నేనైతే నేయలేను."

మద్దిలేటి మొగం మారిపాయ. ఎడమ చేత్తో నా మూట పక్క చూపించినాడు. నీ నోటి సంగతి నంద్యాల నుంచి ముందే చెప్పి పంపినారు, అయినా పనోడు గదా అని సావుకారి పిలిపించినాడు, వేరే మగ్గం లేదు, ఉన్నా నీకియ్యం అన్యాడు. పడుగు మళ్ళా భుజానికెత్తుకున్నాడు. లోపలనుంచి ఆమె వచ్చినాది. ఇన్నాది అంతా. నేను ఆమె మొగం చూడల్యా, చూస్తే ఏం కనపడతాదో అని నాకే భయమైనాది. దండం గిండం పెడితే చచ్చినట్లే అనుకున్నా, మద్దిలేటి తెలివి లేనోడే గానీ కండ్లు లేనోడు గాదు.

"మా ఇంట్లో నీళ్ళు తాగి మా మగ్గాన్నే అంటాండావా," అన్యాది మద్దిలేటికి ఇనపడేట్లు. "కడపోని పొగరు కడపలో చూపించుకోపో. లే, ఎల్లు."

నడిపించినాది గదప్పా నాటకం, నాకంటే బాగా. నేను తాగిన చెంబు ఎత్తి మిగిలిన నీళ్ళు నా కాళ్ళ ముందరే వీధిలోకి ఒంపినాది. ఇన్నాళ్ళు ఊరూరూ తిరిగి అందరినీ ఈసడించినా గానీ, నన్ను ఇంత నిండుగా ఈసడించిన మనిషి దొరకల్యా. మూట ఎత్తుకున్నా. మద్దిలేటి ముందర పోతాండాడు, వీధిలో గంజి పెట్టేటోళ్ళకు చెప్తాండాడు, కడపోడు మగ్గం వద్దన్యాడంట, వాని చేతికి పనికిరాదంట అని, వాళ్ళు నవ్వుతాండారు, బీడీ తాగేటోడు గూడా. జడలు కట్టిన ఆ పోగులు అట్లనే ఉండాయి. చూసినా, చెప్పల్యా.

ఆదోని దారి పట్టినా. ఎండ నెత్తి మీద, నల్లరేగడి కాలుతాండాది. యాడికి పోయేది? పని ఉండే ఊరు నాకింక తెలీదు. బండెక్కి ఎర్రగుంట్లలో దిగాల, ఇంటికి పోవాల. తిమ్మమ్మకు నిజం చెప్పేదానికి లేదు, దాని నోట్లో వక్క గూడా నానదు, చెల్లెలితో అంటాది, చెల్లెలి మొగుడు నూలుబండ్ల మనిషి, మాట నాకంటే ముందు ఈ ఊరికొస్తాది. మగ్గం బాగలేదు, వద్దన్నా అని చెప్పాల. చెప్తా. అది బిడ్డల బట్టలు మూట కట్టుకుంటాది. తిట్టినా సరే, ఏడ్చినా సరే, నా మొగం ఒగసారి చూసి నిజమేనా అని అడిగినా చాలు. అడగదు. ఒక్క రవ్వ అనుమానం గూడా పడకుండా నమ్ముతాది.